కిటికీలు ఉన్నాయి, రాత్రి మూసి ఉన్నాయి: రెండు గదుల ఇంటి కేస్ స్టడీ

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఇళ్లలో వేడి తగ్గించే మార్పులు చేయడం నా పని. కొత్త ఇళ్లు కట్టను, ఉన్న ఇంటినే సరిచేస్తాను. ఈ కేసు బాగా కుదిరిందని రాయడం లేదు. ఇందులో నేను ఒక తప్పు గోడ పగలగొట్టించాను. ఆ తప్పు ఎందుకు జరిగిందో చెప్పాలనే రాస్తున్నాను. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

గోడకు గోడ ఆనించి వరుసగా కట్టిన ఇళ్లలో మధ్యది ఈ ఇల్లు. ముందు ఒక గది, దాని వెనక ఇంకో గది, వెనక గదిలోనే ఒక మూల వంటగట్టు. వెడల్పు 3 మీటర్లు, ముందు నుంచి వెనక్కి 6.6 మీటర్లు, ఎత్తు 2.75 మీటర్లు. పైన 10 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబు, దాని మీద ఏమీ లేదు, నేరుగా ఎండే. ఇంటి ముఖం పడమరకు. రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే కాబట్టి అటు కిటికీ పెట్టే వీలు లేదు. ఉన్న కిటికీలు రెండు: ముందు గదిలో వీధి వైపు ఒకటి, వెనక వంటగట్టు పక్కన సందులోకి ఒకటి.

ఉండేది ఐదుగురు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అతని తల్లి. పిల్లలు, పెద్దావిడ ముందు గదిలో పడుకుంటారు, భార్యాభర్తలు వెనక గదిలో. వేసవి వచ్చిందంటే ఈ లెక్క మారిపోతుంది. అతను వాకిట్లో పడుకుంటాడు, మిగతావాళ్లు చాలా రాత్రులు అర్ధరాత్రి దాకా అరుగు మీద కూర్చుంటారు.

వాళ్లు చెప్పింది, నేను రాసుకున్నది

ఇల్లాలు మొదటి రోజే చెప్పింది: "పగలు ఎలాగో గడిపేస్తాం సార్. రాత్రి నిద్రే లేదు. పిల్లలకు ఒళ్లంతా చెమటకాయలు."

నేను ఫారంలో "ఇల్లు బాగా వేడెక్కుతోంది" అని రాసుకున్నాను. ఆమె చెప్పింది రాత్రి గురించి, నేను రాసింది ఇంటి గురించి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాకే తర్వాత రెండు నెలలు పోయాయి.

ఒక వారం ఉష్ణోగ్రతలు తీశాను. పడుకునే ఎత్తులో గదికొక లాగర్ (ఉష్ణోగ్రతను దానంతటదే నమోదు చేసుకునే పరికరం), బయట నీడలో ఒకటి. శ్లాబు అడుగు భాగాన్ని ఐఆర్ గన్‌తో, అంటే తాకకుండానే వేడి కొలిచే పరికరంతో, చూశాను. మధ్యాహ్నం 3 గంటలకు బయట 39.5 డిగ్రీలు. ఆ సమయంలో ఇల్లు బయటికంటే చల్లగానే ఉంది. ముందు గది తన గరిష్ఠానికి, అంటే 37.5కి, చేరింది సాయంత్రం ఆరున్నరకు. రాత్రి 11కి బయట 30.5, లోపల 35. తెల్లవారి 5కి బయట 27.5, లోపల 33. శ్లాబు అడుగు సాయంత్రం 7 గంటలకు 43 చూపించింది.

ఇదేమీ వింత కాదు. 10 సెంటీమీటర్ల కాంక్రీటు మీద పడ్డ వేడి లోపలికి దిగడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఎండ సాయంత్రానికి పైకప్పు నుంచి మంచం మీదికి దిగుతుంది. గాలి కదలని గదిలో మన ఒంటికి తెలిసే వేడిలో దాదాపు సగం గాలిది, మిగతా సగం చుట్టూ ఉన్న గోడలది, పైకప్పుది. 43 డిగ్రీల శ్లాబు కింద పడుకుంటే చల్లారని పెనం కింద పడుకున్నట్టే.

అప్పటికే వాళ్లు చేసి చూసినవి

శ్లాబు మీద తడి గోనెసంచులు పరిచారు. పనిచేసింది. కానీ రోజూ నీళ్లు మోసి మేడెక్కడం వారానికి మించి సాగలేదు. ఎవరికీ సాగదు కూడా.

తర్వాత బంధువుల దగ్గర పాత ఎయిర్ కూలర్ తెచ్చుకున్నారు. మొదట్లో హాయిగా ఉంది, గంట గడిచేసరికి ఒళ్లు జిడ్డు. ఎందుకో ఇంటి పరిస్థితి చూస్తే తెలుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే గాలి నుంచి దాదాపు 2.4 మెగాజూళ్ల వేడి లాగేసుకుంటుంది, నిజమే. కానీ ఆ ఆవిరి గదిలోనే ఉండిపోతే గాలి తడితో నిండుతుంది, ఇక చెమట ఆరదు. కూలర్ తోసిన గాలి బయటికి పోవడానికి అంతే పెద్ద దారి కావాలి. వీళ్లేమో చల్లదనం పోతుందని తలుపులు బిగించి కూలర్ వేసుకున్నారు. కూలర్ మంచిది కాదని తేల్చేసి వెనక్కిచ్చేశారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది: రాత్రి తలుపులు బిగించడం ఈ ఇంట్లో అలవాటా అని. రాలేదు.

మొదటి నిర్ణయం: పైకప్పు

తెల్ల పూతతో మొదలుపెట్టాను. ఒక అంతస్తు ఇంటికి ఎండ ఎక్కువగా పడేది పైకప్పు మీదే, ఈ ఇంటికైతే పక్క గోడలకు ఎండే లేదు. పాత కాంక్రీటు ఎండలో మూడోవంతు కూడా వెనక్కి పంపదు, కొత్తగా వేసిన సున్నం చాలా భాగాన్ని పంపేస్తుంది. ఖర్చు తక్కువ, ఇంట్లో సామాను కదిలించక్కర్లేదు, బాగాలేకపోతే నష్టం లేదు. మొదటి అడుగు ఎప్పుడూ ఇలా వెనక్కి తీసుకోగలిగేదే వేయాలని నా పద్ధతి. నాచు గీకి, దుమ్ము కడిగి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాం.

శ్లాబు అడుగు 43 నుంచి 38కి దిగింది. ముందు గది గరిష్ఠం 37.5 నుంచి 35.5కి వచ్చింది. నాకు సంతోషమేసింది. ఇంటివాళ్లను అడిగితే, "పగలు తేడా తెలుస్తోంది సార్, రాత్రి మాత్రం అంతే" అన్నారు. లాగర్ కూడా అదే చెప్పింది: రాత్రి 11కి 33.8, తెల్లవారి 5కి 32. బయట 27.5 ఉంటే లోపల 32.

రెండో నిర్ణయం: నా తప్పు

గాలి చాలడం లేదనుకున్నాను. అంతవరకు సరే. ముందు గోడలో పాత కిటికీ పక్కనే ఇంకో కిటికీ పెట్టిద్దామన్నాను. వెనక గోడ ఎందుకు వద్దనుకున్నానంటే, అక్కడ సందు ఇరుకు, వంటగట్టు అడ్డం, ఉన్న వెనక కిటికీకి స్టీలు బీరువా ఆనించి ఉంది. అదంతా కదిలించే బదులు ముందు గోడే సులువనిపించింది. నాకు సులువైన గోడను ఎంచుకుని, దానికి తర్వాత కారణాలు వెతుక్కున్నాను.

మేస్త్రీ గోడ కొడుతుంటే పెద్దావిడ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "వచ్చిన గాలి ఎటు పోతుంది బాబూ?" అంది. నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, గుర్తుంచుకోదగ్గ జవాబు అయ్యుండదు.

కిటికీ బిగించాక ఊదుబత్తి పరీక్ష చేశాం. కొత్త కిటికీ దగ్గర ఊదుబత్తి పట్టుకుంటే పొగ లోపలికి మూరెడు వచ్చి, మెలికలు తిరిగి, పాత కిటికీలోంచి బయటికి పోయింది. వెనక గది గుమ్మం దగ్గర పట్టుకుంటే పొగ దారంలా నిటారుగా పైకి లేచింది. రెండు కిటికీలూ ఒకే గోడకు ఉంటే బయటి గాలి రెండింటి మీదా దాదాపు ఒకేలా ఒత్తుతుంది, లోపలికి తోసే తేడా ఏర్పడదు. ఒకే వైపు తెరుచుకునే గదిలో గాలి ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకే వెళ్తుందని మా పనిలో మోటు లెక్క. ఇక్కడ ఆ లెక్క దాదాపు ఏడు మీటర్ల వరకు వస్తుంది, కాగితం మీద సరిపోయింది. కానీ మధ్యలో అడ్డగోడ ఉందని లెక్కకు తెలియదు.

పైపెచ్చు అది పడమటి గోడ. సాయంత్రం ఎండ ఇప్పుడు రెండు కిటికీల్లోంచి పిల్లల మంచం మీద పడటం మొదలైంది. వారం తిరక్కుండా ఇల్లాలు కొత్త కిటికీకి పాత దుప్పటి కట్టేసింది. ఆ దుప్పటి చూశాక ఇంకేం వాదిస్తాను? తర్వాత కిటికీ బయట వెదురు తడక కట్టించాం. లోపల కట్టిన గుడ్డ కంటే బయటి తడక ఎంతో నయం, ఎందుకంటే ఎండ కిటికీ దాటి గుడ్డను తాకిందంటే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు.

ఒక రాత్రి అక్కడే

వాళ్ల అనుమతితో ఒక రాత్రి ఒంటిగంట దాకా అరుగు మీద కూర్చున్నాను. మొదటి వారంలోనే చేయాల్సిన పని.

తొమ్మిదిన్నరకు దోమలు. ఇల్లాలు ముందు కిటికీలు మూసింది. పదింటికి వీధిలో తిరిగేవాళ్లు పెరిగారు. పిల్లలు పడుకున్న మంచం వీధిలోంచి నేరుగా కనపడుతోంది, పెద్దావిడ లేచి తలుపు వేసింది. పదిన్నరకు గడియ పడింది. వెనక కిటికీ సంగతి సరేసరి, బీరువా వెనక ఉంది. ఏనాడో వేసిన రంగుకు దాని రెక్కలు చట్రానికి అతుక్కుపోయాయి. మధ్య గుమ్మానికి నేల దాకా మందపాటి పరదా. బయట చల్లబడటం మొదలైన గంటకే ఇల్లు డబ్బా మూత పెట్టినట్టు బిగుసుకుంది.

అతను వాకిట్లో, లోపల నలుగురు. నిద్రపోయే మనిషి ఒంటి నుంచి దాదాపు 70 వాట్ల వేడి వస్తుంది, నలుగురికి కలిపి 280. ఫ్రిజ్ వెనక వేడి దీనికి అదనం. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, శ్లాబుకు అంటుకుని ఉన్న వేడి గాలిని కిందికి తోస్తోంది.

కూర్చుని ఒక లెక్క వేశాను, ఈ కేసును తిప్పింది ఆ లెక్కే. ఆ ఇంటి శ్లాబు సుమారు 2 ఘనపు మీటర్లు. అది ఒక డిగ్రీ చల్లారాలంటే దాదాపు 4,200 కిలోజూళ్లు వదలాలి. ఇంట్లో ఉన్న గాలి మొత్తం ఒక డిగ్రీ చల్లారడానికి 65 కిలోజూళ్లు చాలు. అంటే 60 రెట్లకు పైనే తేడా. పడుకునే ముందు ఒక గంట తలుపులు తెరిస్తే గాలి మారుతుంది, మూయగానే శ్లాబు ఆ కొత్త గాలిని పది నిమిషాల్లో మళ్లీ కాచేస్తుంది. గంటకు పదిసార్లు ఇంటి గాలి మొత్తం మారినా, బయట 4 డిగ్రీలు చల్లగా ఉంటే, శ్లాబు గంటకు అర డిగ్రీ పైచిలుకు చల్లారుతుందంతే. అందులో మూడోవంతుకు పైనే లోపలున్న నలుగురి ఒంటి వేడికే సరిపోతుంది. కాబట్టి గాలి రాత్రంతా ఆడాలి, ఎనిమిది గంటలు, ఆపకుండా.

అప్పటిదాకా నా ప్రశ్న "ఎంత కిటికీ కావాలి" అన్నది. ఆ రాత్రి నుంచి "ఏ కిటికీని వీళ్లు భయం లేకుండా తెల్లవార్లూ తెరిచి ఉంచగలరు" అన్నది ప్రశ్న అయింది. దొంగ, దోమ, వీధి చూపు. ఈ మూడింటికీ జవాబు చెప్పని కిటికీ ఎంత పెద్దదైనా రాత్రికి అది గోడే.

మూడో నిర్ణయం: పనిచేసింది

ముందుగా బీరువా. దాన్ని అక్కడ ఎందుకు పెట్టారని అడిగితే ఇల్లాలి జవాబు స్పష్టంగా ఉంది: ముందు తలుపు తీస్తే బీరువా వీధిలోకి కనపడకూడదు. కనపడని చోటు ఆ ఒక్కటే. "గాలికి అడ్డం, తీసేయండి" అని చెప్పి వచ్చేసి ఉంటే అది మర్నాడే తిరిగి అక్కడికే వెళ్లేది. టేపు పట్టుకుని ఇద్దరం గదంతా కొలిచాం. అడ్డగోడకు వెనక వైపు, గుమ్మం పక్కన, మూడు సెంటీమీటర్ల తేడాతో పట్టింది. వీధిలోంచి కనపడదు. దాని కోసం మంచాన్ని తిప్పాల్సి వచ్చింది, తలవైపు వెనక కిటికీ దగ్గరికి వచ్చింది. అదీ మంచికే.

వెనక కిటికీ రెక్కలు గీకి, రాపిడి తీసి తెరిపించాం. దానికి పాత ఊచలు ఉన్నాయి, వదులైనవి వెల్డింగ్ చేయించాం. వెనక తలుపు పైన, అడ్డగోడలో గుమ్మం పైన, చెరొక వెంటిలేటర్ కొట్టించాం. 2.1 మీటర్ల ఎత్తు మీద కాబట్టి వీధి చూపు అందదు, లోపల ఊచలు కాబట్టి మనిషి దూరడు. ఇవి మూయడానికి రెక్కలు పెట్టినా తాడుతో లాగేలా పెట్టాం, స్టూలెక్కాల్సి వస్తే ఎవరూ రోజూ మూయరు, తెరవరు.

అడ్డగోడలో కొట్టే ముందు అది బరువు మోసే గోడా కాదా చూడాలి. ఇక్కడ శ్లాబు ముందు వెనక గోడల మీద కాక పక్క గోడల మీద ఆనుకుంది, అడ్డగోడ తర్వాత కట్టినది. అయినా గుమ్మం లింటెల్ (గుమ్మం పైన బరువు మోసే దిమ్మె) ముట్టుకోకుండా దానిపైనే తీయించాను.

ముందు కిటికీల రెక్కలను అడ్డంగా రెండుగా కోయించాం. కింది సగం మూసి ఉంటే మంచం వీధికి కనపడదు, పై సగం తెరిచి ఉంటుంది. వడ్రంగికి అరపూట పని. ఈ కేసు మొత్తంలో దీనికంటే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు. పొరపాటున పెట్టించిన ఆ కిటికీ కూడా ఇలా కొంత పనికొచ్చింది.

దోమల మెష్ దగ్గర బేరం తప్పదు. సన్న మెష్ వేస్తే గాలి బాగా తగ్గిపోతుంది, దుమ్ము పట్టితే ఇంకా. అందుకే వెంటిలేటర్లను ముందు అనుకున్న కొలత కంటే దాదాపు రెట్టింపు చేశాం, మెష్‌ను గోడకు దిగ్గొట్టకుండా ఊడదీసి కడుక్కునే చట్రాలకు బిగించాం. మధ్య గుమ్మం పరదాను పైన ఒక జానెడు, కింద ఒక జానెడు వదిలి కుట్టించారు. ఆలుమగల మరుగు పోలేదు, గాలికి దారి దొరికింది. అటక మీద వెంటిలేటర్‌కు అడ్డంగా ఉన్న మూటలు రెండో కొసకు వెళ్లాయి.

మళ్లీ ఊదుబత్తి. ఈసారి ముందు కిటికీ దగ్గరి పొగ సాగి సాగి అడ్డగోడ వెంటిలేటర్ దాటింది. మెల్లగా, అయినా దాటింది. పెద్దావిడ ఏమీ అనలేదు, వెనక గదిలోకి వెళ్లి పొగ బయటికి పోయేదాకా చూసి వచ్చింది.

గాలి ఆడని రాత్రులు ఉంటాయి. వేడి గాలి పైకి లేచి వెంటిలేటర్ లోంచి దానంతటదే పోతుంది కదా అని చాలామంది ధీమాగా చెబుతారు. పోతుంది, కానీ ఒక అంతస్తు ఇంట్లో ఆ బలం చాలా తక్కువ. ఒక మీటరు ఎత్తు తేడా, 4 డిగ్రీల వేడి తేడా కలిస్తే వచ్చే ఒత్తిడి 0.15 పాస్కల్ చుట్టుపక్కల. సెకనుకు ఒక మీటరు వేగంతో వచ్చే పిల్లగాలి గోడను తాకితేనే 0.6. అందుకని గాలి లేని రాత్రి టేబుల్ ఫ్యాన్‌ను వెనక కిటికీ దగ్గర బయటికి ముఖం పెట్టి వేయమన్నాను. ఫ్యాన్ మన వైపు కాకుండా బయటికి తిప్పడమేంటని ఇంటాయన నవ్వాడు. రెండు రాత్రులు చేసి చూసి మానలేదు. అది వెనక నుంచి వేడి గాలిని లాగేస్తే ముందు కిటికీల్లోంచి చల్లగాలి పిల్లల మీదుగా వస్తుంది.

ఇక పగటి పద్ధతి. బయట లోపలికంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, తడక దించి ఉంచాలి. వంట చేసేటప్పుడు మాత్రం వెనక కిటికీ తెరవాల్సిందే, పొగ, ఆవిరి, పొయ్యి వేడి నిలవకూడదు. గంటలు చెబితే ఎవరూ పాటించరు, పైగా రోజూ ఒకేలా ఉండదు. మామూలు థర్మామీటర్లు రెండు ఇచ్చాను, ఒకటి లోపల, ఒకటి వాకిట్లో నీడకు. బయటిది లోపలిదాని కంటే తగ్గగానే అన్నీ తెరవాలి, పెరగగానే మూయాలి. ఈ డ్యూటీ పెద్దావిడ తీసుకుంది. ఆమెకు అంకెలు చదవడం రాదు. రెండూ ఒకే రకంవి కాబట్టి ఎర్ర గీత ఏది పొడుగో చూస్తుంది.

తర్వాత

దాదాపు అలాంటి ఎండలే ఉన్న వారంలో మళ్లీ కొలిచాను. ముందు గది గరిష్ఠం 34. రాత్రి 11కి 32, తెల్లవారి 5కి 29.5. పగటి గరిష్ఠం కూడా తగ్గడానికి కారణం రాత్రే: తెల్లవారేసరికి శ్లాబు, గోడలు చల్లారి ఉన్నాయి కాబట్టి మర్నాటి ఎండను తాగడానికి వాటిలో చోటు ఉంది. పదకొండున్నరకల్లా అందరూ లోపలే పడుకుంటున్నారు. అతను మాత్రం వాకిలి వదల్లేదు, అది అలవాటట.

కుదరనివి కూడా ఉన్నాయి. మబ్బు పట్టి ఉక్కపోసే రాత్రుల్లో బయటే చల్లబడదు, అప్పుడు ఈ ఏర్పాటు చేసేది ఒంటికి కాస్త గాలి తగిలించడమే. సందులో వెనకింటివాళ్లు వంట మొదలుపెడితే ఆ పొగ ఇప్పుడు వీళ్ల గదిలోకి వస్తోంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఆ గంట వెనక రెక్కలు మూస్తున్నారు. మూడు నెలలకు మెష్ దుమ్ముతో మూసుకుపోయింది, ఎవరూ చెప్పకపోతే గమనించేవాళ్లు కాదు. వానలకు సున్నం పోయింది, ఎండలకు ముందు మళ్లీ వేశారు.

వరుసలో రెండిళ్ల అవతలివాళ్లు ఇదంతా చూసి వెనక తలుపు పైన వెంటిలేటర్ కొట్టించుకున్నారు. వాళ్ల వెనక సందును ఎవరో గోడ కట్టి మూసేశారు, గాలి కదల్లేదు. నన్ను పిలిచి ఉంటే ఊదుబత్తి వెలిగించి అయిదు నిమిషాల్లో చెప్పేవాణ్ని. ఇంకో ఇంటివాళ్లు పాత సిమెంటు రేకుల కప్పుకు కన్నాలు పెట్టి వెంటిలేటర్ బిగించమన్నారు. ఒప్పుకోలేదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా, డ్రిల్ చేసినా లేచే నూలు పోగుల్లాంటి ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. వాటి జోలికి పోకుండా గోడలోనే దారి చూద్దామన్నాను.

ఇప్పుడు నా ఫారంలో మొదటి పేజీ మార్చాను. "ఇంటి సమస్య" అన్న గడి తీసేసి రెండు గడులు పెట్టాను: రాత్రి ఎన్ని గంటలకు ఏ కిటికీ మూస్తారు, ఎందుకు. రెండోదానికి ఎక్కువ చోటు వదిలాను. మొన్న వాళ్లింటికి మెష్ చట్రాలు చూద్దామని వెళ్తే అవి అరుగు మీద కడిగి ఆరబెట్టి ఉన్నాయి. పాత దుప్పటి కూడా పక్కనే ఆరుతోంది. కొత్త కిటికీకి ఇప్పుడు దాని అవసరం లేదు, పిల్లలు తెల్లవారుజామున కప్పుకుంటున్నారట.